ముక్కుగారి తీర్పు

ఎక్కడ ఆపాం? ఆఁ, సింకు దగ్గర. మీకు వారమైంది గానీ నాకది నిన్నే.

పోయిన వారం మీరు నన్ను వదిలేసి వెళ్లేసరికి నేను మేడ మీద నా వైన్ల గదిలో సింకు అంచుకి తేనె వైను జాడీ ఆనించి, ఒంచాలా వద్దా అని నిలబడి ఉన్నాను. మా అత్తయ్య పెంచిన తేనెటీగల ఆఖరి తేనె అది. ఆవిడ పోయాక ఈగల పెట్టెలు ఎవరికో ఇచ్చేశాం. మిగిలిన ఒక్క డబ్బా తేనెనీ నీళ్లలో కలిపి, ఈస్ట్ వేసి, నేనూ మామయ్యగారూ పులియబెట్టాం. ఏడాది దాటింది. మళ్లీ చేద్దామంటే ఆ తేనె ఈ భూమ్మీద లేదు. అలాంటిదాన్ని మామయ్యగారు నిన్న పైకొచ్చి "పాడైపోయింది తల్లీ, పారబొయ్యి" అని ఒక్క ముక్కలో తేల్చేసి మెట్లు దిగి వెళ్లిపోయారు.

పారబోశానా? లేదు. చేతులు రాలేదు. జాడీని తీసుకెళ్లి మళ్లీ దాని మూలలోనే పెట్టేసి, మంచం మీద పడి ఏడ్చాను. అంతే.

అలాగని నేనేదో మహా మొండిదాన్ని అనుకోకండి. ఈ ఏడాదిలోనే ఆపిల్ వైను పారబోశాను, నల్లద్రాక్షది పారబోశాను, బేరిపండ్లది పారబోశాను. అన్నీ ఆయన మాట మీదే. ఆపిల్‌కి "తడిసిన అట్టపెట్టె వాసన" అన్నారు. ద్రాక్షకి "కుళ్లిన గుడ్డు" అన్నారు. బేరిపండ్లది "వెనిగర్ దారి పట్టింది" అన్నారు. మా వీధి మురిక్కాలవ తాగినంత వైను ఈ ఊళ్లో ఇంకెవరూ తాగి ఉండరు. నా ముక్కుకి మాత్రం ఆపిల్‌ది ఆపిల్‌లాగే ఉంది, ద్రాక్షది ద్రాక్షలాగే ఉంది. కానీ నా ముక్కెంత, నేనెంత? నేను కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేదాన్ని. నన్ను వెంట్రుకవాసి తేడా చూడమంటే చూస్తాను. వాసనలంటారా, అది ఆయన రాజ్యం.

ఆయన రాజ్యం అని ఊరికే అనడం లేదు. ఇంట్లో వైన్లు చేసుకునేవాళ్లం కొందరం ఆదివారాలు లైబ్రరీ వెనక గదిలో కలుస్తాం. అక్కడ మామయ్యగారి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ముక్కుగారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటే చాలు, పండు మాగిందా పచ్చిదా, జాడీ సరిగ్గా కడిగారా, మూత ఎవరైనా తీసి చూశారా, అన్నీ చెప్పేసేవారు. ఒకసారి తాళాలు బాగుచేసే ఆయన తెచ్చినది వాసన చూసి, "జాడీలోంచి రబ్బరు గొట్టంతో లాగావు కదూ?" అన్నారు. పాపం తాళాలాయన బిక్కమొహం వేశాడు. అంతటి మనిషి ఇది పాడైంది అంటే ఇంక అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?

వచ్చే ఆదివారం మా వార్షిక రుచుల పోటీ. ఇవాళ పొద్దున్నే తాళాలాయన ఫోను చేశాడు.

"ఏమ్మా, మీ అత్తగారి తేనె వైను తెస్తున్నావు కదా? అందరం దానికోసమే కాచుకుని ఉన్నాం."

"మామయ్యగారు పాడైందన్నారండీ."

"మళ్లీనా?" అన్నాడు.

ఆ 'మళ్లీనా'తో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్లీనా అంటే ఏమిటి అర్థం? ఈ అమ్మాయికి చేతకాదనేగా! పండ్లు కడిగింది నేను, గింజలు తీసింది నేను, షాపులో పొద్దంతా నిలబడొచ్చి మడ్డి అడుగునే ఉండేలా మోకాళ్ల మీద కూర్చుని సన్న గొట్టంతో ఓపిగ్గా వైను లాగింది నేను. సీసాలు కడగని రోజు లేదు. ఏ తప్పు చేస్తున్నానో తెలిస్తే దిద్దుకుంటాను. ఏ తప్పూ కనపడదు, వైను మాత్రం పాడవుతుంది. ఇదెక్కడి గోలండీ?

సరే, ఈసారి ఊరుకునేది లేదనుకున్నాను. మధ్యాహ్నం షాపులో సెలవు పెట్టి ఇంటికొచ్చాను. ఆయన నా ఎదురుగా కూర్చుని, నా కళ్లముందు వాసన చూసి, ఏం పాడైందో, ఎందుకు పాడైందో నాకు పాఠం చెప్పినట్టు చెప్పాలి. ఆ తర్వాత పారబోయమంటే పారబోస్తాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ రుచి చూడ్డానికి గ్లాసు కిందికి తీసుకెళ్లేది నేను కాదు, మా ఆయన. నేను గ్లాసు నింపడమే తరువాయి, "నువ్వు అలిసిపోయుంటావు, నేనిచ్చొస్తాలే" అని చటుక్కున అందుకునేవాడు. లిఫ్టులు రిపేరు చేసే మనిషి, పొద్దస్తమానం ఎక్కడం దిగడమే పని, అయినా ఈ మెట్లు మాత్రం నాకోసం ఎంత ప్రేమగా దిగేవాడో అని మురిసిపోయేదాన్ని. కాసేపటికి మామయ్యగారు పైకొచ్చి తీర్పు చెప్పేవారు. ఇవాళ మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేనే దిగాలి.

జాడీలోంచి కొంచెం పచ్చ సీసాలోకి లాగి బల్ల మీద పెట్టాను. గొట్టం కడిగి ఆరేసి వచ్చి, కోపంలో బల్ల మీది పచ్చ సీసా పట్టుకుని గబగబా కిందికి దిగాను.

మామయ్యగారి గది మెట్ల పక్కనే. మంచం, కుర్చీ, కిటికీలో అత్తయ్య వాడిన తేనె తీసే కత్తి. ఆయన రేడియో తగ్గించి, నన్ను చూసి కంగారుపడ్డారు.

"ఏంటమ్మాయ్, ఈ వేళప్పుడు? వాడేడీ?"

"డ్యూటీలో ఉన్నారు. మీ నీలం గ్లాసు తీయండి మామయ్యగారూ."

ఆయన దగ్గర ఒక మందపాటి నీలం గ్లాసు ఉంది. ఎవరి వైనైనా అందులోనే పోసుకుంటారు. రంగు చూస్తే మనసు ముందే ఒక మాట అనేసుకుంటుంది, ముక్కుని పని చేసుకోనివ్వదు అంటారు. ఆ గ్లాసులో ఏది పోసినా ఒకటే రంగు.

"నిన్న చెప్పేశాను కదా తల్లీ."

"మళ్లీ చెప్పండి. నా ముందు చెప్పండి. నేను నేర్చుకోవాలి."

ఆయన గ్లాసు తీశారు. సీసా ఒంపాను. ఆయన గ్లాసు తిప్పారు, ఎప్పట్లాగే కళ్లు మూసుకున్నారు, ముక్కు లోపలిదాకా దూర్చి గట్టిగా పీల్చారు.

"తేనె తెలుస్తోంది," అన్నారు నెమ్మదిగా. "ముందు తేనె. వెనకాల సన్నగా పులుపు. అదే పాడు చేసింది. గాలి తగిలి ఉంటుంది. పాపం, మంచి తేనె."

నేను ఆయన మాట వినడం లేదు. నా కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. బాధతో కాదండీ, ఘాటుతో! అగ్గిపుల్ల గీసి ముక్కు కింద పెట్టినట్టు గొంతు పట్టేసింది. చెయ్యి చాపినంత దూరంలో ఉన్న నాకే దగ్గొస్తోంది. సీసా వంక చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, మేడ మీద నా బల్ల మీద పచ్చ సీసాలు రెండు ఉన్నాయి. ఒకదాంట్లో తేనె వైను. రెండోదాంట్లో నేను జాడీలు శుభ్రం చేయడానికి గంధకపు ఉప్పు కలిపి పెట్టుకున్న నీళ్లు. కోపంలో నేను తెచ్చింది ఆ నీళ్లు.

ఆయన గ్లాసు పెదవుల దగ్గరికి తీసుకెళుతున్నారు.

"మామయ్యా!"

గ్లాసుని ఒక్క దెబ్బ కొట్టాను. అది మంచం మీద పడింది. పగల్లేదు. నీళ్లు దుప్పటంతా తడిపేశాయి.

"ఏంటమ్మాయ్ ఇది! పిచ్చా నీకు?"

"మీకు ఏం వాసన వచ్చిందో మళ్లీ చెప్పండి."

"చెప్పాను కదా. తేనె, వెనకాల..."

"అవి జాడీలు కడిగే నీళ్లు మామయ్యగారూ."

మామయ్యగారు నా వంక చూశారు. తర్వాత దుప్పటి మీద పాకుతున్న తడి వంక చూశారు. వంగి ఆ తడిలో వేలు అద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మొహంలో ఏమీ మారలేదు. గోడకి వేలు ఆనించినా అంతే ఉండేది.

"కిటికీ తియ్యి తల్లీ," అన్నారు. "నువ్వు దగ్గుతున్నావు."

కిటికీ తీశాను. కోపం ఎక్కడికీ పోలేదు సరికదా ఇంకా రాజుకుంది. పెద్దాయన, జాలిపడాలి, అవన్నీ నాకూ తెలుసు. కానీ నా కళ్లముందు ఆపిల్ వైను సింకులోకి గుడగుడమంటూ దిగిపోతోంది.

"ఎప్పట్నుంచి?"

"మీ అత్తయ్య పోయాక చలికాలంలో నాకు జ్వరం తగిలింది చూడు, అప్పట్నుంచి. జ్వరం పోయింది. ఇది తిరిగి రాలేదు. నాలుక మీద తీపీ పులుపూ తెలుస్తాయి, అంతే. వస్తుందిలే, రేపు వస్తుందిలే అనుకున్నాను. ఆవిడ తేనె డబ్బా మూత తీసినప్పుడు వస్తుందనుకున్నాను. నువ్వు పక్కనే ఉన్నావు, గుర్తుందా? 'అబ్బ, గదంతా పూల వాసన' అన్నావు. నేను డబ్బాలో తల పెట్టాను. ఏమీ లేదు."

గుర్తుంది. ఆయన చాలాసేపు తల ఎత్తలేదు. అత్తయ్య గుర్తొచ్చి ఏడుస్తున్నారనుకుని నేను ఇవతలికి వచ్చేశాను.

"చెప్పొచ్చు కదా మామయ్యా!"

"ఏమని చెప్పను? ఆదివారం అందరూ గ్లాసులు పట్టుకుని వరస కట్టి నిలబడతారు. ముక్కుగారూ, నాది చూడండి, నాది చూడండి అని. అది కూడా లేకపోతే ఇంక నేనెవరిని? రేడియో పెట్టుకుని కూర్చునే ముసలాణ్ణి."

"మీరెవరో నాకనవసరం!" అని అరిచేశాను. మామయ్యగారి మీద గొంతెత్తడం అదే మొదటిసారి. "నా వైన్లు పారబోయించారు! అన్నీ! ముక్కు లేనప్పుడు నోరు మూసుకుని ఊరుకోవాలి గానీ, తడిసిన అట్టపెట్టె వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందండీ మీకు?"

ఆయన తల దించుకున్నారు. తర్వాత చెప్పిన మాట వింటే మీరు నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేరు. నాకైతే ఇప్పటికీ తేలలేదు.

"ఆపిల్‌ది పాడైతే మామూలుగా ఆ వాసనే వస్తుందమ్మా. ద్రాక్షది చెడితే గుడ్డు వాసన. బాగాలేదు అని ఊరికే అంటే సరిపోదు కదా. ఎలా బాగాలేదో చెప్పాలి. లేకపోతే నువ్వు కనిపెట్టేస్తావు. అందుకని అనుభవం మీద చెప్పేవాణ్ణి."

"అనుభవం మీద!"

"ఊఁ."

నెత్తి బాదుకోవాలనిపించింది. నిజంగానే బాదుకున్నాను కూడా. ఈ ఇంట్లో నేను ఒక మనిషి ఊహాశక్తిని నమ్మి బుట్టలకొద్దీ పండ్లు కాలవలో కలిపాను. అంత చక్కగా చెప్పారు మరి! తడిసిన అట్టపెట్టె అని ఆయన అన్న తర్వాత నాకూ అట్టపెట్టె వాసన వచ్చినట్టే అనిపించింది. నా ముక్కు ఆపిల్ అని మొత్తుకుంటున్నా దాని నోరు నేనే నొక్కేశాను.

విసురుగా మేడ మీదికి వెళ్లాను. బల్ల మీద మిగిలిన పచ్చ సీసా తీసుకున్నాను, ఈసారి మూత తీసి చూసుకుని మరీ. మెట్ల మీదే నిలబడి నోట్లో పోసుకున్నాను.

ఎలా చెప్పను మీకు? నాకు ముక్కుగారి భాష రాదు. మా అత్తయ్య పెట్టెల దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, వేలితో నా నోట్లో తేనె పెట్టి "ఎలా ఉంది?" అని అడిగేది. అలా ఉంది. తీపి తగ్గి వయసొచ్చిన తేనె. పులుపు లేదు, చెడు లేదు, ఏ దరిద్రమూ లేదు. మెట్ల మీద కూర్చుండిపోయాను. దీన్ని పారబోసేదాన్నే! నిన్న చేతులు వచ్చి ఉంటే ఇవాళ ఇది ఉండేది కాదు.

అప్పుడు తట్టింది, ముందే తట్టాల్సిన ప్రశ్న.

కిందికొచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను. గొంతు తగ్గించాను. అరుపు కన్నా అదే నాకు కష్టమైంది.

"మామయ్యగారూ, పాడైతే ఏ వాసన వస్తుందో మీరు అనుభవం మీద చెప్పారు, సరే. మీకు వాసన తెలీదు. మరి పాడైందని మీకెవరు చెప్పారు?"

మామయ్యగారు తలెత్తారు. ఆయన మొహంలో ఆశ్చర్యం. నేను ఆ ప్రశ్న అడిగినందుకు కాదు, అంతవరకు నాకు తెలీనందుకు.

"వాడే," అన్నారు. "నేను వాడికొక్కడికే చెప్పుకున్నాను నా సంగతి. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. గ్లాసు వాడే తెచ్చేవాడు కదా. 'నువ్వు తాగి చెప్పరా, నేను అమ్మాయికి చెప్తాను' అనేవాణ్ణి. వాడు బాగాలేదు నాన్నా అనేవాడు."

"ఆపిల్‌ది?"

"బాగాలేదన్నాడు."

"ద్రాక్షది?"

"అదీ."

"అత్తయ్యది?"

ఆయన నా చేతిలో సీసా వంక చూశారు. "అది ఎలా ఉంది తల్లీ?" అని అడిగారు చిన్నగా.

"అత్తయ్యలా ఉంది."

పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. "వాడికి నోరు బాగాలేదేమోనమ్మా," అన్నారు. "వాడు కావాలని ఎందుకంటాడు?" కొడుకు కదా, ఆయన మాత్రం ఏం చేస్తారు! నేనూ అదే అనుకోవాలని ఎంత ప్రయత్నించానో. రుచి తెలీని మనిషేమో. పొరపాటేమో. పులిసిందేదైనా పాడైనట్టే అనుకునే రకమేమో.

అప్పుడే వీధి తలుపు తీసిన చప్పుడైంది. ఒకరి అడుగులు కాదు, ఇద్దరివి. మా ఆయన గొంతు వినిపించింది.

"ఇటే రండి. పైన గదేనండీ. వెలుతురు బాగా వస్తుంది. ప్రస్తుతానికి ఓ పక్కన సర్దుకోండి, మా సామానంతా ఆదివారంకల్లా ఖాళీ అయిపోతుంది."

మామయ్యగారు నా చెయ్యి పట్టుకోబోయారు. నేను వదిలించుకున్నాను. మంచం మీది నీలం గ్లాసు తీసి, మూల ఉన్న కుండలోని మంచినీళ్లతో గట్టిగా కడిగాను. కొంగుతో తుడిచి, పచ్చ సీసాలోది సగం దాకా పోశాను. ఆ గ్లాసులో ఏది పోసినా ఒకటే రంగు.

"ఏమండీ, ఒక్క నిమిషం!"

మా ఆయన గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. నన్నక్కడ ఆ వేళప్పుడు చూస్తాననుకోలేదు. వెనకాల మెడలో టేపు వేసుకున్న ఒక దర్జీ ఆయన నిలబడి నమస్కారం పెట్టాడు.

"నువ్వేంటి, షాపు లేదా?"

"తొందరగా వచ్చేశాను. తాళాలాయన కొత్త వైను పంపాడు, పోటీకి పెట్టొచ్చా అని అడుగుతున్నాడు. మామయ్యగారికి జలుబు. కాస్త మీరు చూసి చెప్పండి."

మామయ్యగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మా ఆయన ఒక్క క్షణం ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత, దర్జీ ముందు బెట్టు చేస్తే బాగుండదనుకున్నాడేమో, గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. చెప్పొద్దూ, ఆ మొహం వెలిగిపోయింది.

"అబ్బ! ఏముందే ఇది! తాళాలాయన ఇంత బాగా ఎప్పుడు నేర్చుకున్నాడు? దేంతో చేశాడట?"

నిన్న తాగి బాగాలేదన్నవాడు గుర్తుపట్టడా? రోజు తిరగలేదే! గుర్తుపట్టడానికి నిన్న నోట పెట్టుకుంటేగా. ఒక్క చుక్క కూడా తాగలేదన్నమాట. ఇది కాదు, ఆపిల్‌దీ కాదు, ద్రాక్షదీ కాదు. నేను మోకాళ్ల మీద కూర్చుని తీసిన ప్రతి గ్లాసూ ఈ మెట్ల మీదే ఎక్కడో ఒలకబోసి, లోపలికొచ్చి 'బాగాలేదు నాన్నా' అన్నాడన్నమాట.

"మీ అమ్మ తేనెతో," అన్నాను.

గ్లాసు మా ఆయన చేతిలోనే ఉండిపోయింది. మామయ్యగారు కిటికీ దగ్గర నుంచి తల తిప్పలేదు.

దర్జీ ఆయన కాసేపు చూసి, మెడలో టేపు సర్దుకుని, పాపం మర్యాదగానే అడిగాడు.

"అయితే సార్, మీ ఆవిడగారు వైన్లు చేయడం మానేశారని, గది నాకు అద్దెకివ్వడానికి ఒప్పుకున్నారని చెప్పారు కదా. కుట్టు మిషన్లు బండెక్కించేశాను. వీధి చివరదాకా వచ్చేశాయి. దింపమంటారా, వద్దంటారా?"